స్థానికత ఎటు పోయింది?

ఎక్కడి కొలువులు అక్కడివాళ్లకే దక్కాలె. 1969లో విద్యార్థులు, ఉద్యోగులు రోడ్డెక్కింది ఈ మాట కోసమే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులను తుంగలో తొక్కి నింపిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని 1985లో 610 జీవో వచ్చింది. అది అమలుకాకనే 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది.

2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు 95 శాతం కొలువులు స్థానికులకే అన్నయి. మరి 2021 డిసెంబర్‌లో 317 జీవో ఏం చేసింది? ఉద్యోగులను ఆప్షన్లు అడిగింది, సీనియారిటీతో తేల్చింది. పుట్టిన ఊరు, చదివిన బడి లెక్కలోకి రాలేదు. ఎందరో జూనియర్లు సొంత జిల్లాకే పరాయివాళ్లయిండ్రు.

సీనియారిటీ కూడా న్యాయమే కదా అంటరు. ప్రమోషన్లకు న్యాయమే. కానీ ఇది మూడేండ్ల బదిలీ కాదు, శాశ్వత కేటాయింపు. బయటి సీనియర్లతో నిండిన జిల్లాలో రేపటి నిరుద్యోగికి ఖాళీ ఎక్కడిది? ఇది ఉద్యోగుల గోస మాత్రమే కాదు, విద్యార్థుల భవిష్యత్తు కూడా.

దంపతులకో, రోగులకో ఇచ్చే సడలింపు దయ. స్థానికత హక్కు. దయ చూపి హక్కును మరిపించలేరు.

ఆనాటి పాలకులను 610 ఏమైందని నిలదీసిన నోరు, మన పాలకులను 317 గురించి అడగడానికి జంకొద్దు. కుర్చీలో ఎవరు కూసున్నా న్యాయానికి తూకం ఒక్కటే. స్థానికతే ప్రాతిపదికగా ఆ కేటాయింపులను సరిదిద్దాలె. అందాకా అడుగుతనే ఉంటం.