ముంజేతి యంత్రము

పూర్వము వైద్యుడు రోగి ముంజేయి పట్టి నాడి చూచెడివాడు. నేడు అదే ముంజేతిపై ఒక చిన్న యంత్రము నిలిచి, రేయింబవళ్లు నాడిని లెక్కించుచున్నది. కరీంనగరము, మంచిర్యాల, ఆదిలాబాదు పట్టణములలో సయితము ఇట్టి గడియారములు ధరించువారు కనబడుచున్నారు. ఇవి ఆరోగ్యమునకు తోడ్పడునా, లేక కరీంనగరపు వెండి నగిషీ వలె అలంకారమాత్రములా అని విచారించుట యుక్తము.

ఈ గడియారము అడుగున ఆకుపచ్చని వెలుగు వెలువడును. గుండె కొట్టుకొనినపుడెల్ల చర్మము క్రింది సన్నని నాళములలోనికి రక్తము పొంగును. రక్తము ఆ వెలుగును పీల్చుకొనును. కావున తిరిగివచ్చు వెలుగు ప్రతి స్పందనమునకు తగ్గి, మరల హెచ్చును. ఈ హెచ్చుతగ్గులను బట్టి యంత్రము నాడి వేగమును తెలుపును. చేతి కదలికలను గుర్తించు మరియొక పరికరము అడుగులను లెక్కించును.

నార్మన్ హోల్టర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నడచుచున్న మనుష్యుని గుండె తరంగములను గ్రహించుటకు మొదట నిర్మించిన యంత్రము సుమారు 38 కిలోల బరువుండెను. దానిని వీపునకు తగిలించుకొనవలసివచ్చెడిది. నేడు ఆ పనిలో కొంత భాగమును కొలది తులముల గడియారము నెరవేర్చుచున్నది. ఇది విజ్ఞానశాస్త్రము సాధించిన గొప్ప విజయము.

అయినను సాక్షి వేరు, న్యాయాధిపతి వేరు. యంత్రము తాను చూచినది మాత్రమే చెప్పగలదు, తీర్పు చెప్పజాలదు. 2018 లో ఆపిల్ సంస్థ గుండె విద్యుత్తరంగములను గీయు గడియారమును వెలువరించెను. అది గుండెపోటును కనుగొనజాలదని ఆ సంస్థయే తెలుపుచున్నది. కావున ఛాతీలో నొప్పి కలిగినపుడు గడియారము చూచి ఊరకుండుట ప్రమాదకరము. వెంటనే వైద్యశాలకు పోవలెను.

సాక్షి ఒక్కొక్కపుడు పొరపడుటయు కలదు. వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును కొలుచు పరికరమునకు ఆధారమైన విధానమును 1974 లో జపాను దేశీయుడగు టకువో అయోయగి కనుగొనెను. 2020 లో కరోనా వ్యాపించినపుడు ఆ పరికరము ఇంటింటికి చేరెను. అదే సంవత్సరము అమెరికాలో జరిగిన పరిశోధనలో, తెల్లనివారికంటె నల్లనివారి విషయమున అది ప్రాణవాయువు కొరతను సుమారు మూడు రెట్లు ఎక్కువగ గుర్తింపలేకపోయెనని తేలెను. ఎండలో శ్రమించి మేని చాయ నల్లబడిన మన రైతులును, కూలీలును ఈ సంగతిని మరువరాదు.

దినమునకు 10,000 అడుగులు నడువవలెనను మాటయు విచారింపదగినదే. 1965 ప్రాంతమున జపానులో అమ్మకమునకు వచ్చిన ఒక అడుగుల లెక్కింపు యంత్రపు పేరు నుండి ఆ సంఖ్య ప్రచారమునకు వచ్చినది. వైద్యుల పరిశోధన నుండి పుట్టినది కాదు. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతములలో చేటను ఒడిలో పెట్టుకొని, తునికాకుతో బీడీలు చుట్టు స్త్రీ దినమెల్ల కూర్చుండియే శ్రమించును. అడుగులు తక్కువయినవని యంత్రము ఆమెను హెచ్చరించునేమో! ఆమె నడుమునొప్పిని, పొగాకు ధూళిని అది ఎరుగునా?

మరి ఈ యంత్రము ఎవరికి ముఖ్యముగ కావలెను? వేసవిలో ఆదిలాబాదు, రామగుండము ప్రాంతములలో ఎండ 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. సింగరేణి ఉపరితల గనులలోను, పొలములలోను పనిచేయువారికి వడదెబ్బ ప్రాణాంతకము. నీడలో విశ్రమించిన పిదపగూడ నాడి వేగము తగ్గకున్నచో అది అపాయసూచన. ఆ సూచన వారికే ముందుగ అందవలెను. కాని పని నిలుపుటకు అనుమతియు, నీడయు, త్రాగునీరును లేనిచోట ఆ హెచ్చరిక వ్యర్థము. అట్లే, వానకాలమున వాగులు పొంగి దారులు తెగు ఉట్నూరు ప్రాంతపు గూడెములలో, వార్త తెలిపిన యంత్రముకంటె వచ్చి చికిత్స చేయు మనుష్యుడే ప్రధానము. కొలుచుట సగము పని. ఆదుకొనుట తక్కిన సగము.

ఇంకొక విషయము గమనింపదగినది. గడియారము సేకరించిన వివరములు ధరించినవాని యొద్దనే ఉండవు. పెక్కుసార్లు సంస్థల యంత్రములకు చేరును. మన పార్లమెంటు 2023 లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసినది. 18 సంవత్సరములు నిండనివారి వివరములు గ్రహించుటకు తలిదండ్రుల అంగీకారము ఉండవలెనని అందు విధించిరి. తన దేహపు రహస్యము ఎవరికి చేరుచున్నదో తెలిసికొనుట ప్రతి పౌరుని హక్కు. ఉచితముగ వచ్చు ప్రతి సేవకును వెల ఏదో రూపమున ఉండునని బాలురు, బాలికలు గ్రహింపవలెను.

కావున ముంజేతి యంత్రమును తృణీకరింపరాదు, పూజింపను రాదు. అది చెప్పినది వినవలెను; అనుమానము తోచినచో వైద్యుని అడుగవలెను. మితాహారము, నిద్ర, వ్యాయామము, శుభ్రమైన నీరు వీనికి బదులుగ ఏ యంత్రమును నిలువజాలదు. శ్రమించువాని ముంజేతికి ముందుగ చేరి, అతని ప్రాణమును కాపాడినపుడే ఈ విజ్ఞానము సార్థకమగును.