నాటకశాలలోఁ గన్నీరు, నట్టింట బేరము

కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకమును మొన్న మా యూరి నాటకశాలలో నాడిరి. మేమును సకుటుంబముగాఁ బోయి చూచితిమి. కట్నము కొఱకుఁ దండ్రి పడు పాట్లు చూడలేక కాళింది ప్రాణము విడుచునప్పుడు సభ యెల్లఁ గంటఁ దడిపెట్టెను. మా ప్రక్కఁ గూర్చుండిన పెద్దమనుష్యుఁడొకఁడు లింగరాజును జూచి "ఎంత నీచుఁడు!" అని పలుమాఱు లనెను.

మఱునాఁ డుదయమున నాయనయే మా యింటికి వచ్చి, తన కుమారుని సంబంధమునకు మధ్యవర్తులుగా నుండవలసినదని మమ్ముఁ గోరెను. "మే మేమియు నడుగము. వారి పిల్లకు వారు పెట్టుకొనున దేదో ముందుగాఁ దెలిసినఁ జాలును" అనెను. రాత్రి తాను దిట్టిన లింగరాజు తన నోటనే మాటాడుచున్నాఁడని యాయన యెఱుఁగఁడు.

మేమును నిర్దోషులము కాము. మా తమ్ముని పెండ్లిలో నిట్టి బేరమే జరుగుచుండఁగాఁ బెద్దల కెదురాడ నేలయని యూరకుంటిమి. బడిలో నీతి చెప్పు నోరు నట్టింట మూఁతపడెను. ఆ మౌనము మొన్న రంగస్థలముమీఁద మాకు మరలఁ గనఁబడెను.

"పిల్లకే కదా యిచ్చెదరు, తప్పేమి?" యని కొంద ఱందురు. పిల్లకే యైనచో సొమ్ము పిల్ల చేతిలో నేల యుండదు? వరుని యుద్యోగమును బట్టి మొత్త మేల పెరుగును? కొమార్తెపైఁ బ్రేమ యల్లుని జీతముతోఁ బాటు పెరుగునా?

"చట్ట మున్నదిగదా" యని మఱికొంద ఱందురు. ఉన్నది. 1961లో వచ్చిన వరకట్న నిషేధచట్టము ప్రకార మిచ్చుటయు నేరమే, పుచ్చుకొనుటయు నేరమే. ఇతరుల చేతఁబడిన కట్నమును వధువునకే యప్పగింపవలయునని కూడ నందుఁ గలదు. కాని సాక్ష్యము పలుకవలసిన వార మందఱము విందు బంతిలోఁ గూర్చుండఁగాఁ జట్ట మేమి చేయఁగలదు?

ఈ కథ 1939లోఁ జలనచిత్రముగాఁ గూడ వచ్చెను. నాఁడు మన పెద్ద లేడ్చిరి. నేఁడు మన మేడ్చుచున్నాము. ఏడ్చి యింటికి వచ్చినచో మన పని తీఱిన దనుకొనుటయే మన రోగము.

మధ్యవర్తిత్వము మావలనఁ గాదని యా పెద్దమనుష్యునితోఁ జెప్పితిమి. ఆయన కోపించి వెడలిపోయెను. చదువరులారా! బేరము జరిగిన పెండ్లికి, అది సొంత యన్నదమ్ముల యింటిదైనను, మేము రామని చెప్పుటకు మీలో నెందఱు సిద్ధముగా నున్నారు?