సర్టిఫికెట్ ఇచ్చేవారికి గుర్తింపు ఉందా? మిర్చి సంఘాలు ముందే చూసుకోవాలి

గుంటూరు: మిర్చికి పేరుమోసిన ఈ ప్రాంతంలో కారం మిల్లులవారు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలవారు విదేశీ బేరాల మీద ఆశతో ‘ఐ.ఎస్.ఓ.’ సర్టిఫికెట్ల కోసం డబ్బు కడుతున్నారు. వారం తిరగకుండా కాగితం చేతిలో పెడతామనే ఏజెంట్లకు కొదవ లేదు. ఆ కాగితం చెల్లుతుందా అన్నదే ప్రశ్న.

జెనీవాలోని ఐ.ఎస్.ఓ. ప్రమాణాలు రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చేవి వేరే సంస్థలు. వాటి పనితీరును పరీక్షించి గుర్తింపు ఇచ్చేందుకు మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఎన్.ఎ.బి.సి.బి. అనే బోర్డు ఉంది. ఇతర దేశాల బోర్డులతో దీనికి పరస్పర అంగీకారం ఉన్నందున ఇక్కడి కాగితాన్ని అక్కడి కొనుగోలుదారు నమ్ముతాడు. అయితే ఈ గుర్తింపు తీసుకొని తీరాలన్న నిర్బంధం లేకపోవడంతో, అది లేనివారు కూడా బోర్డు కట్టి సర్టిఫికెట్లు అమ్ముకోగలుగుతున్నారు. తూనికలు కొలతల శాఖ ముద్ర లేని కాటా మీద తన టిక్కీలను తూచనివ్వని రైతు, తన కంపెనీ ఇటువంటి కాగితం కొంటుంటే ఊరుకోవడం విచిత్రం.

గుర్తింపున్న సంస్థ పద్ధతి వేరు. మిల్లుకు వచ్చి కల్లం దగ్గర నుండి ప్యాకింగు దాకా రికార్డులు అడుగుతుంది. మూడేళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చినా ఏటా మళ్ళీ తనిఖీకి వస్తుంది. లోపాలు సరిదిద్దే సలహాదారు పని, సర్టిఫికెట్ ఇచ్చే పని ఒకే సంస్థ చేయరాదన్నది నియమం. ‘అంతా మేమే చూసుకుంటాం’ అన్నవారిని అక్కడే అనుమానించాలి.

బయటి మార్కెట్ ఎంత కటువుగా ఉంటుందో లోగడ చూశాం. భారతదేశం నుండి వెళ్ళిన మిర్చి సరుకులో సూడాన్ రంగు కనబడడంతో 2003లో ఐరోపా దేశాలు పరీక్ష పత్రం లేనిదే కారం రానివ్వమన్నాయి. 2005లో అదే రంగు కలిసిన కారం ఒక సాసులో పడినందుకు బ్రిటన్‌లో 400కు పైగా ఆహార పదార్థాలను దుకాణాల నుండి వెనక్కి తీశారు. బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ కూడా ఐరోపాకు వెళ్ళే మిర్చిలో కిలోకు మొత్తం 10 మైక్రోగ్రాములు దాటకూడదు. దీనికి ఐ.ఎస్.ఓ. కాగితం సరిపోదు, సరుకును లేబొరేటరీలో పరీక్షించవలసిందే. ఆ లేబొరేటరీకీ ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉండాలి. స్పైసెస్ బోర్డు లేబొరేటరీ గుంటూరులోనే ఉంది. సరుకు తిరిగివస్తే మిల్లు కొనుగోళ్ళు తగ్గుతాయి. యార్డులో ధర పడినప్పుడు నష్టపోయేది తేజ, 334 రకాలు పండించిన రైతే.

గుర్తింపున్న సంస్థకు ఖర్చు ఎక్కువన్న మాట నిజమే. పక్క ఊళ్ళలో కారం అమ్ముకొనే చిన్న మిల్లుకు ఈ సర్టిఫికెట్ అవసరమే లేదని చెప్పాలి. దానికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషనో, లైసెన్సో ఉంటే చాలు.

ఎగుమతి ఆలోచన ఉన్న కంపెనీలు మాత్రం సభ్యుల వాటాధనం చెల్లించకముందే ఆ సంస్థ పేరు ఎన్.ఎ.బి.సి.బి. జాబితాలో ఉందో లేదో, ఆహార భద్రత ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 22000కు దానికి గుర్తింపు ఉందో లేదో చూడాలి. ఒక ప్రమాణానికి పొందిన గుర్తింపు మరొకదానికి పనికిరాదు. జాబితా బోర్డు వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంది.