కొట్టేసిన పేరా

మడికొండ నుంచి ఒక చెల్లె నిన్న రాత్రి ఫైలు పంపింది. పర్యావరణ విధానం, సుస్థిర అభివృద్ధి మీద ఎం.ఏ. సీటుకు దరఖాస్తు. ‘ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు?’ అన్న ప్రశ్నకు రెండు పేజీల జవాబు. ‘అన్నా, ఒక్కసారి సూడవా’ అన్నది.

మొదటి పేజీ నిండా కరిగే మంచుకొండలు, ధ్రువపు ఎలుగుబంట్లు. మడికొండ పిల్లకు ఎలుగుబంటితో ఏం చుట్టరికమో నాకైతే అర్థం కాలే. రెండో పేజీల ఒక పేరా మీద ఎర్రగీత. వాళ్ల సారు కొట్టేసి పక్కన రాసిండు: ‘మరీ సొంత గోడు. తీసెయ్.’

ఆ పేరాల ఉన్నది డంపింగ్ యార్డు. నగరం చెత్తంతా మడికొండ, రాంపూర్ శివారుకే వచ్చి పడుతది. అంటుకున్నదంటే పొగ ఇండ్లల్లకు వస్తది. అమ్మ ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుకుతది. రాత్రి కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే దగ్గు. ఆ దగ్గుల నడుమనే ఈ పిల్ల ఇంటర్ పరీక్షలకు చదివింది.

ఇది గోడట. మంచుకొండలు శాస్త్రమట!

సారూ, 1982ల అమెరికాల, నార్త్ కరోలినా రాష్ట్రం వారెన్ కౌంటీల విషపు మట్టిని నల్లవాళ్లు ఎక్కువగా ఉండే చోట పూడ్చనీకి లారీలొస్తే జనం రోడ్డు మీద పడుకున్నరు. 500 మందికి పైగా అరెస్టయిండ్రు. ఓడిపోయిండ్రు కూడా, మట్టి అక్కడనే పూడ్చిండ్రు. కానీ ఆ గోడు ఊకోలే. విషవ్యర్థాలు ఎక్కడ పడుతున్నయో, అక్కడ ఎవరుంటున్నరో దేశమంతటా లెక్క తీసిన అధ్యయనం 1987ల వచ్చింది. అన్నిటికన్నా పెద్ద కారణం జాతి అని తేల్చింది. మీరు ‘పర్యావరణ న్యాయం’ అని చెప్పే పాఠం ఆ రోడ్డు మీద పుట్టిందే.

మన దగ్గర ఆ లెక్క ఎవరు తియ్యాలె? చెత్త ఎత్తే చేతులు ఏ కులాలవో వరంగల్‌ల చిన్న పిల్లగానికి తెలుసు. రిపోర్టుల్లకు వచ్చేసరికి వాళ్లు ‘భాగస్వాములు’ అయితరు, కులం మాయమైతది. 2016 ఘనవ్యర్థాల నియమాలు చదవండి. తడి, పొడి, ప్రమాదకర చెత్త ఇంట్లనే వేరు చెయ్యాలె అని అండ్ల ఉండె. ల్యాండ్‌ఫిల్ ఇండ్లకు, చెరువుకు 200 మీటర్ల దూరం ఉండాలె అని గూడ ఉండె. మంచిగనే ఉండె. వేరు చెయ్యని ఇంటి చెత్తల చెయ్యి పెట్టేదెవరు? టేపు పట్టుకొని కొలిచేదెవరు? 200 మీటర్లు దాటినంక పొగ ఆగిపోతదా?

పుస్తకాల సంగతి ఇంకో తీరు. 1973 చిప్కో ఉంటది. ఊరి చెరువు నీళ్లు తాగనీకి బాబాసాహెబ్ నడిచిన 1927 మహద్ ఉండదు. చెట్టును కౌగిలించుకుంటే పర్యావరణం, నీళ్లు ముట్టుకుంటే కుల గొడవ. మనోళ్లం తక్కువ తిన్నమా? పర్యావరణమంటే పై కులాల పిల్లల సోకు అని మన సంఘాలే పక్కన పెట్టినయి. నేను గూడ అట్లనే మాట్లాడిన రోజులున్నయి.

2020 జనవరిల ఇదే మడికొండల ఐటీ కంపెనీల క్యాంపస్‌లు తెరిచిండ్రు. మంచిదే, మన పిల్లలు అండ్ల కూసోవాలె. అదే ఊరికి లారీల చెత్త గూడ వస్తుంటే ‘సుస్థిరం’ అన్న మాటను ఎటు నుంచి చదవాలె?

చెల్లె, ఎర్రగీత పేరాను మొదటికి తెచ్చిన. ఎలుగుబంట్లను తీసేసిన. ఈ ఎండాకాలం ఏయే తేదీల్ల పొగ వచ్చింది, మీ వాడల ఎన్ని ఇండ్లల్ల దగ్గు మందు వాడుతున్నరు, తిరిగి అడిగి రాసుకో. ఆ లెక్క పేరా కింద చేర్చు. గడువు శుక్రవారం. గురువారం రాత్రికి నాకు పంపు.

జై భీమ్.