శిబిరం గుమ్మం దగ్గర జకాత్

రమజాన్ సమీపిస్తున్నదంటే మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: బర్మా నుండి వచ్చిన రోహింగ్యా శరణార్థులకు జకాత్ పంపవచ్చునా? పంపవచ్చును. వారిలోని పేదలు నిస్సందేహంగా అర్హులే. అయితే హనఫీ ఫిఖహ్‌లో తమ్లీక్ అనే షరతు ఉన్నది. సొమ్ము పేదవానికి అంది, అతని సొంతం కావాలి. మనం స్వయంగా ఇవ్వవచ్చు, ప్రతినిధి ద్వారా ఇప్పించవచ్చు. ఆ ప్రతినిధిని గుమ్మం దగ్గరే ఆపివేస్తే జకాత్ చెల్లనట్లే. కనుక శరణార్థులను ఉంచిన చోటికి సహాయ సంస్థలను రానిస్తున్నారా లేదా అన్నది చీరాలలో ఉన్న మనకు కూడా సంబంధించిన విషయం.

హైదరాబాద్ బాలాపూర్ పరిసరాలలో రోహింగ్యాలు పాకలలో, అద్దె గదులలో ఉంటున్నారు. చుట్టూ గోడ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వారికి గుర్తింపు కార్డులు ఇచ్చింది. ‘కోవా’ అనే స్వచ్ఛంద సంస్థ దానితో కలిసి పనిచేసింది. ఏ ఇంట్లో గర్భిణి ఉన్నదో, ఏ పిల్లవాడు బడికి పోవడం లేదో వెళ్లి తెలుసుకునే వీలున్నది. (కిలో బియ్యం చేతిలో పెట్టి నాలుగు ఫోటోలు తీసుకునేవారికి కూడా అంతే వీలున్నది. వారి సంగతి అల్లాహ్‌కే తెలుసు.)

జమ్మూలో పరిస్థితి వేరు. 2021 మార్చిలో అక్కడి రోహింగ్యాలను 150 మందికి పైగా తీసుకుపోయి కఠువా జిల్లా హీరానగర్ సబ్ జైలులో ఉంచారు. దానికి ‘హోల్డింగ్ సెంటర్’ అని పేరు పెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు వారి విడుదలకు అంగీకరించలేదు. నిర్ణీత విధానం పాటించకుండా స్వదేశానికి పంపరాదని మాత్రం ఆదేశించింది. ఆ విధానం ఏమిటో లోపలి మనిషికి అతని భాషలో చెప్పేదెవరు? అతని జవాబును బయటికి తెచ్చేదెవరు? 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. అందువలన సహాయకుల ప్రవేశం అధికారుల దయపైననే ఆధారపడి ఉన్నది.

తమిళనాడులో ఇదివరకే ఇట్లు జరిగింది. 1983 నుండి వచ్చిన శ్రీలంక తమిళుల శిబిరాలలో స్వచ్ఛంద సంస్థలు పనిచేసేవి. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత వాటి ప్రవేశానికి అడ్డు పడింది. మరుసటి ఏడాది శరణార్థులను వెనక్కి పంపుతుండగా, వారు ఇష్టపూర్వకంగానే వెళ్తున్నారా అని అడిగి తెలుసుకోవడానికి ఐక్యరాజ్యసమితి సంస్థకు అవకాశమిచ్చారు.

సహాయం తెచ్చేవానిని ఆపితే ఏమవుతుందో చీరాల, పేరాలలకు తెలియనిది కాదు. 1921లో మునిసిపల్ పన్నులను నిరసిస్తూ వేలాదిమంది ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగర్ పాకలలో సుమారు 11 నెలలు ఉన్నారు. నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారిని బరంపురంలో నిర్బంధించి ఏడాది శిక్ష వేశారు. ఉద్యమం సడలి, జనం పాత ఇండ్లకు మరలారు. వారికి తిరిగి వెళ్లడానికి ఇండ్లైనా ఉన్నాయి.

భద్రత కావాలన్న ప్రభుత్వం మాటను మేము తోసివేయడం లేదు. శరణార్థుల మధ్యకు మనుషులను అమ్ముకునే దళారులు కూడా వస్తారు. వచ్చినవారి పేర్లు రాసుకోవచ్చు, సంచులు వెతకవచ్చు. కాని వైద్యురాలిని, దుబాసీని, న్యాయవాదిని లోపలికి పోనివ్వాలి. పురుష అధికారి ముందు స్త్రీ తన కష్టమంతా చెప్పుకోలేదు. మక్కా ఖురైషీల రాయబారులు వలస వెళ్లిన ముస్లిములను తమకు అప్పగించమని కోరినప్పుడు, హబషా రాజు నజాషీ ముందు ఆ వలసవారిని పిలిపించి, జాఫర్ (రజి) చెప్పినది పూర్తిగా విన్నాడు. ఆయన అప్పటికి క్రైస్తవుడు.

ఈ రమజాన్‌లో జకాత్ పంపేవారు బాలాపూర్‌కు స్వయంగా వెళ్లివచ్చే నమ్మకస్తుని చేతికి ఇవ్వండి. ఏ కుటుంబానికి ఎంత అందినదో అడిగి తెలుసుకోండి. నిర్బంధంలో ఉన్నవారి కోసం న్యాయవాది ఫీజు ఇవ్వదలచినవారు దానిని నఫిల్ సదఖా నుండి ఇవ్వండి. ఆ బందీ అనుమతి లేకుండా జకాత్ సొమ్మును నేరుగా ఫీజుకు చెల్లిస్తే తమ్లీక్ నెరవేరదు. ఆ అనుమతి తీసుకోవడానికైనా ఎవరో ఒకరు లోపలికి వెళ్లగలగాలి.