బరువెక్కిన బండి

పెద్దవూర నుండి హాలియా మీదుగా మిర్యాలగూడకు వలీమా విందుకు బయలుదేరే కుటుంబాలను మేము చూస్తూనే ఉంటాము. దేగ్‌లు కారు పైకప్పుపై, పిల్లలేమో డిక్కీలో! బరువు పైకెక్కినకొద్దీ మలుపులో బండి బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది. బరువైన పాత్రలను డిక్కీ అడుగున, వెనుక సీటుకు ఆనించి కట్టాలి. పిల్లలకు సీటు, బెల్టు ఉండి తీరాలి. చోటు చాలకపోతే మరో బండిలో వెళ్ళవలసినవి పాత్రలే. విందు ఒక గంట ఆలస్యమైతే కావచ్చు గాక.

నిండు బరువుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు చట్రంపై అతికించిన పట్టీ చెబుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. నడిచి వేడెక్కిన టైరు ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి తీయరాదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును మార్చవలసిందే. స్టెప్నీని కూడా మూటలు సర్దకముందే చూడాలి, లేకుంటే నడిరోడ్డుపై దేగ్‌లన్నీ దించుకోవలసి వస్తుంది.