కుర్రాళ్ల మీద పడి ఏడవడం ఆపండి

ఈమధ్య పరిటాలలో ఒక పెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నాను. సాంబారు వడ్డిస్తున్న కుర్రాడి జేబులో ఫోను మోగింది. నా పక్కన పెద్దాయన అందుకున్నాడు: "ఈ తరం నాశనమైపోయిందండీ. రీల్సు, బైకులు, అర్ధరాత్రి కేకులు! ఈ వయసుకి మేం అరక పట్టాం." బంతిలో సగంమంది తలాడించారు. ఆ తలలు ఆడడం చూసి నాకు ఒళ్లు మండింది. నందిగామ బస్టాండులో ఇదే మాట, జగ్గయ్యపేట మార్కెట్ యార్డులో ఇదే మాట.

అరక పట్టారు, సంతోషం. మరి ఆ అరక దున్నిన చేను ఏదీ? 2014లో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధాని మాట బయటికి రాగానే కంచికచర్ల నుంచి ఇబ్రహీంపట్నం దాకా హైవే పక్క పొలాలకి రెక్కలొచ్చాయి. పత్తి, మిరప పండిన నేలలో హద్దురాళ్లు పాతారు. అమ్మిందెవరు? రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు వేసింది తండ్రులూ తాతలూ. పంట తీశాక ఎండాకాలమంతా పిల్లలు వికెట్లు పాతుకునే బీడు ఆ బేరంలోనే పోయింది. వెంచరు ప్లానులో పార్కని పచ్చరంగు పూసిన చోట సర్కారు తుమ్మ మొలిచింది. అక్కడ బ్యాటు పట్టుకుంటే వాచ్‌మన్ తరుముతాడు. ఇటు దొనబండ వైపు వెళదామంటే క్వారీలు, క్రషర్ల దుమ్ము, సందులేకుండా టిప్పర్లు. పిల్లాడు సైకిలు తీస్తే ఇంటికొచ్చేదాకా తల్లికి గుండె దడ. ఆడుకునే నేల అమ్మి, ఆ డబ్బుతో మేడ లేపి, ఆ మేడ మీద కూర్చుని ఫోను చూసుకునే మనవణ్ణి తిట్టడానికి నోరెలా వస్తుంది?

పుస్తకం ముట్టరని ఇంకో నింద. ఊళ్లో ఏ పుస్తకం పెట్టారని ముట్టడానికి? ఉమ్మడి కృష్ణా జిల్లా గ్రంథాలయోద్యమానికి పుట్టిల్లు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతా ఆ పనికే ధారపోశారు. ఇప్పటికీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వసూలు చేసిన ఆ సొమ్మును గ్రంథాలయాలకు జమ చేయకుండా ఏళ్లతరబడి బకాయి పెడుతున్న స్థానిక సంస్థలు రాష్ట్రంలో ఎన్నో. దాని మీద ఏ బంతిలోనూ ఎవరికీ కోపం రాదు.

రీల్సు అంటే పిచ్చి గంతులని తేల్చేశారు గదా. క్రషర్ దగ్గర లోడింగు రాసే ఒక కుర్రాడు నాకు తెలుసు. గోళ్లలో రాతిపొడి ఇంకా వదల్లేదు. హైవే పక్క టీకొట్టు బల్ల మీద ఫోను పెట్టుకుని మన పరిటాల 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం వీడియో కోస్తున్నాడు. పాదాల దగ్గర మొదలుపెట్టి కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. డప్పు మీద దెబ్బ పడేసరికి స్వామి ముఖం కనపడాలి. వెంట్రుకవాసి ముందు కోస్తాడు, వింటాడు, చెరిపేస్తాడు, మళ్లీ కోస్తాడు. టీ చల్లారిపోయింది. అది పని కాదా? ఈ పెద్దమనుషులు కుర్రతనంలో ధాన్యం అమ్మి పద్యనాటకాలకి హార్మోనియం వాళ్లని పిలిపించలేదా? బండ్లు కట్టుకుని బెజవాడ దుర్గా కళామందిరానికి సినిమాకి పోలేదా? వాళ్ల నాన్నలు అప్పుడు వాళ్లనీ తిట్టారు. జగిత్యాల దగ్గర లంబాడిపల్లిలో కుర్రాళ్లు కెమెరా పట్టబట్టే కూలికి పోయే గంగవ్వ ముఖం తెలుగునాడంతటికీ తెలిసింది. 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆపేసినప్పుడు, ఏ కళాపరిషత్తూ మెట్టెక్కనివ్వని పిల్లలకి ఉన్న ఆ ఒక్క వేదికా రాత్రికి రాత్రే పోయింది. వాళ్ల కోసం ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఫోన్లలో పందేల యాపులు కొంపలు ముంచాయి, కాదనను. 2020లో మన రాష్ట్రం, 2025లో కేంద్రం వాటిని నిషేధించాయి, మంచిపని. అయితే వాటికి ప్రకటనలు చేసింది కోట్లున్న తారలు, క్రికెటర్లు. సంక్రాంతికి కోడిపందేల బరి ముందు కుర్చీలేయించుకుని కూర్చునేదీ ఈ సుద్దులు చెప్పే పెద్దలే.

ఇక పరిటాల పౌరుషం. నిజాం ఏలుబడిలో ఉన్న ఈ ఊరు 1947లో తనను తాను రిపబ్లిక్‌గా ప్రకటించుకుంది. గర్వించాల్సిందే. ఆ కథ చెప్పి "మీకు ఆ దమ్ముందా?" అని పిల్లల్ని ఎత్తిపొడవడం మాత్రం నీచం. ఈ చుట్టుపక్కలే ఇంజనీరింగు కాలేజీలున్నాయి, పట్టా చేతికొచ్చినవాడు విజయవాడలో డబ్బాలు మోస్తూ డెలివరీ చేస్తున్నాడు. ఏ నిజాం మీద తిరగబడమంటారు వాణ్ణి?

నేనడిగేది ఒక గ్రౌండు, దానికి రెండు లైట్లు, రాత్రి 9 దాకా తలుపు తీసుండే ఒక చదువుకునే గది. స్థలం ఎక్కడ, డబ్బెవరిది అంటే వెంచర్లలో పార్కుల పేరిట చూపించిన జాగాల దగ్గర మొదలుపెట్టండి. వచ్చే అక్టోబర్ 2 గ్రామసభలో ఆ జాగాల లెక్కా, గ్రంథాలయ సెస్సు లెక్కా మైకులో చదివించండి. కుర్రాళ్లని నేను తీసుకొస్తాను, ఫోన్లతో సహా.